ఒళ్లో కూర్చున్న పిల్లాడు ఎవరి పిల్లాడు?

2012 డిసెంబరు సెలవుల్లో మేం కంబోడియా వెళ్లాం. ఆంకోర్ వాట్ చూసి సియెమ్ రీప్ ఊళ్లోకి తిరిగొస్తుంటే టుక్‌టుక్ డ్రైవర్ వెనక్కి తిరిగి, "రేపు అనాథాశ్రమం చూస్తారా మేడమ్? పిల్లలు చాలా బావుంటారు" అన్నాడు. అంతకుముందు గుళ్ల గురించి ఏ గొంతుతో చెప్పాడో అదే గొంతు. మా ఆవిడ వెంటనే సరేనంది. మా పిల్లలిద్దరికీ ఒక మంచి అలవాటు చేసినట్టుంటుందని నాకూ అనిపించింది.

మర్నాడు దారిలో ఒక కొట్టు ముందు ఆపాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తారు, ఒక బియ్యం బస్తా తీసుకోండి అన్నాడు. తీసుకున్నాం. మా అమ్మాయి స్కెచ్ పెన్‌తో బస్తా మీద ఒక పువ్వు వేసి, కింద తన పేరు తెలుగులో రాసింది. ఆశ్రమం గేటు తీయగానే ఇరవై ముప్ఫై మంది పిల్లలు పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకున్నారు. నాలుగేళ్లుంటాయేమో, ఒక పిల్లాడు నేను మెట్టు మీద కూర్చోవడమే ఆలస్యం, ఒళ్లోకెక్కేశాడు. నా కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. గంటసేపు దిగలేదు. బయల్దేరేటప్పుడు మెడ పట్టుకుని వదల్లేదు. ఒక పెద్ద పిల్ల వచ్చి వాడి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. ఆ పని ఆ పిల్లకి బాగా అలవాటైనట్టే ఉంది. హోటల్‌కి వచ్చేదాకా మా ఆవిడ ఏడుస్తూనే ఉంది.

రెండు రోజుల తర్వాత ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే అదే కొట్టు కనిపించింది. ముందు బియ్యం బస్తాల వరస. ఒక బస్తా మీద పువ్వు, కింద తెలుగు అక్షరాలు.

అప్పట్లో మోసపోయామని నవ్వుకుని వదిలేశాం. ఆ మొత్తం వ్యవహారంలో బస్తా తిరిగి కొట్టుకి చేరడమే అన్నిటికన్నా చిన్న మోసమని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఈమధ్య ఫోన్ చేసింది. వాళ్లబ్బాయికి పదహారేళ్లు. వేసవి సెలవుల్లో మూడు వారాలు నేపాల్‌లో ఒక అనాథాశ్రమంలో వాలంటీర్‌గా ఉంటాడట. పిల్లలకి ఇంగ్లీష్ చెప్తాడట. కాలేజీ అప్లికేషన్‌కి కూడా పనికొస్తుందట. "నువ్వు ఇలాంటివన్నీ చదువుతుంటావుగా అన్నయ్యా, వాడితో ఓసారి మాట్లాడవా" అంది. మాట్లాడితే వాడు అడిగింది ఒక్కటే. "డబ్బులు మావి, టైమ్ నాది. పిల్లల కోసం ఖర్చు పెడతానంటున్నా. ఇందులో తప్పేముంది మామయ్యా?"

ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. చిక్కు చాలా వెనక నుంచి మొదలవుతుంది మరి.

మొదలు అనాథ అనే మాట దగ్గరే ఉంది. తెలుగులో అనాథ అంటే నా అనేవాళ్లు లేనివాడు. యునిసెఫ్ లెక్క అలా ఉండదు. తల్లీ తండ్రుల్లో ఏ ఒక్కరు పోయినా ఆ బిడ్డ అందులోకి వస్తుంది. ఆ లెక్కన 2015లో ప్రపంచం మొత్తం మీద సుమారు 14 కోట్ల మంది అనాథలున్నారు. ఇద్దర్నీ పోగొట్టుకున్నవాళ్లు వాళ్లలో కోటిన్నర మంది. అంటే మిగతా పన్నెండున్నర కోట్ల మందికి అమ్మో నాన్నో ఉన్నారు. ఇద్దరూ లేనివాళ్లలో కూడా ఎక్కువమంది అమ్మమ్మ దగ్గరో, పెదనాన్న దగ్గరో, మేనత్త దగ్గరో పెరుగుతున్నవాళ్లే. మన ఊళ్లో తండ్రి పోయిన పిల్లని ఎవరైనా అనాథ అంటే ఆ తల్లి చీపురు తిరగేస్తుంది. విరాళాల కరపత్రాల్లో మాత్రం ఎప్పుడూ 14 కోట్ల అంకే పెద్దక్షరాల్లో ఉంటుంది.

ఇక కంబోడియా సంగతి. ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి చేయించిన ఒక అధ్యయనం 2011లో బయటికొచ్చింది. 2005లో ఆ దేశంలో 154 ఆశ్రమాలుండేవి. 2010కి 269 అయ్యాయి. ఐదేళ్లలో 75 శాతం పెరుగుదల. అందులో సర్కారు నడిపేవి 21 మాత్రమే, మిగతావన్నీ విరాళాల మీద బతికేవి. వాటిల్లో ఉన్న పిల్లల్లో నలుగురికి ముగ్గురి కంటే ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బతికే ఉన్నారు.

కంబోడియా అనగానే మనకి పోల్ పాట్ గుర్తొస్తాడు. 1975 నుంచి 1979 దాకా అతని పాలనలో పదిహేను ఇరవై లక్షల మంది చనిపోయారు, ఇళ్లకిళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఆ దేశంలో అనాథాశ్రమం అంటే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎదురు ప్రశ్న వేయరు. కానీ లెక్క వేసి చూడండి. ఆ రోజుల్లో దిక్కులేనివాళ్లైన పిల్లలకి 2010 నాటికి ముప్ఫై ఏళ్లు దాటాయి, వాళ్లకే పిల్లలున్నారు. 2005, 2010 మధ్య యుద్ధం లేదు, పేదరికం తగ్గుతోంది. మరి ఆశ్రమాలు ఎందుకు పెరిగినట్టు? ఆ ఐదేళ్లలోనే పెరిగింది ఇంకొకటుంది. 2005లో ఆ దేశానికి వచ్చిన విదేశీ టూరిస్టులు 14 లక్షలు. 2010లో 25 లక్షలు.

నేపాల్ పటం చూస్తే ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పటికి ఆ దేశంలో ఉన్నవి 75 జిల్లాలు. ఆశ్రమాల్లో సుమారు 90 శాతం ఐదు జిల్లాల్లోనే ఉండేవి. ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, ఖడ్గమృగాల అడవి ఉన్న చిత్వన్. టూరిస్టు బస్సులు ఆగే ఊళ్లు ఇవే. అనాథలు సరిగ్గా విదేశీయులు తిరిగే చోటే పుడతారంటే నమ్మాలా? పుట్టరు. తెస్తారు.

ఎక్కడి నుంచి తెస్తారంటే, ఎక్కువగా కర్ణాలీ లాంటి మారుమూల కొండ ప్రాంతాల నుంచి. అక్కడి హుమ్లా జిల్లా కేంద్రం సిమికోట్‌కి అప్పట్లో చిన్న విమానంలో వెళ్లాల్సి వచ్చేది, లేదా రోజుల తరబడి నడవాల్సి వచ్చేది. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో మావోయిస్టుల యుద్ధం నడిచింది. ఇంట్లో ఉంటే పిల్లాణ్ణి దళంలోకి లాక్కుపోతారేమోనని భయం. ఉన్నా ఊళ్లో బడి సరిగా లేదు. అలాంటప్పుడు ఊరికి తెలిసిన మనిషే ఒకడొచ్చి, ఖాట్మండులో బోర్డింగ్ స్కూల్లో వేస్తానన్నాడు. అప్పు చేసో, గొడ్డూ గోదా అమ్మో డబ్బు చేతిలో పెట్టి పంపించారు. తల్లిదండ్రులే దళారీకి ఎదురు డబ్బిచ్చారన్నమాట. అవతల ఆ దళారీ పిల్లల్ని ఆశ్రమానికి అప్పజెప్పాడు. తల్లీ తండ్రీ చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి, కొన్నిసార్లు పిల్లల పేర్లు కూడా మారిపోయాయి.

ఇలాంటి పిల్లల్ని 'కాగితపు అనాథలు' అని రాసిన కేట్ వాన్ డోర్ అనే ఆవిడ ఆస్ట్రేలియాలో లా ప్రొఫెసర్. ఆవిడ దూరం నుంచి చూసి రాసిన మనిషి కాదు. నేపాల్‌లో, ఉగాండాలో అనాథల కోసం ఆశ్రమాలు పెట్టించిన వాళ్లలో ఆవిడ ఒకరు. తాము పెంచుతున్న ఆడపిల్లలకి ఇళ్లూ తల్లిదండ్రులూ ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆ తల్లిదండ్రుల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మా నాన్న నన్ను ఆరో తరగతిలోనే హాస్టల్లో వేశాడు. తెలుగు ఇళ్లలో పిల్లల చదువు కోసం ఎవరు ఏది తాకట్టు పెట్టలేదు గనక? హుమ్లా తండ్రి చేసిందీ అదే పని. తేడా ఎక్కడంటే, మా వార్డెన్ మా నాన్న చచ్చిపోయాడని ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతికీ దసరాకీ ఇంటికి పంపేవాడు.

పర్యాటకుల మంచి మనసుకీ ఈ దళారీకీ సంబంధం ఏమిటని మా మేనల్లుడు అడగొచ్చు. ఉంది, డబ్బు రూపంలో. విరాళాల మీద నడిచే ఆశ్రమానికి ఆదాయం తలకింత అని వస్తుంది. ఈ పాపని స్పాన్సర్ చేయండి, ఈ బాబు భోజనానికి నెలకింత ఇవ్వండి అని. వాలంటీర్లను పంపే కంపెనీ వారానికి వందల డాలర్లు వసూలు చేసి, అందులో కొంత ఆశ్రమానికి ఇస్తుంది. వాలంటీర్‌కి పిల్లలు కావాలి. ఖాళీ మంచాలున్న ఆశ్రమానికి ఎవరూ రారు. ఒక పిల్లాణ్ణి ఇంటికి పంపిస్తే ఆ మేరకు రాబడి తగ్గుతుంది. కాబట్టి పంపరు. మంచం ఖాళీ అయితే ఇంకొకణ్ణి తెస్తారు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. శుభ్రమైన బట్టలేసుకుని బొద్దుగా ఉన్న పిల్లల్ని చూస్తే ఎవరి పర్సూ తెరుచుకోదు. అందుకని కావాలనే పిల్లల్ని బక్కచిక్కి, మాసిన బట్టల్లో ఉంచిన ఆశ్రమాలు కంబోడియాలోనూ నేపాల్‌లోనూ బయటపడ్డాయి. మనం తీసుకెళ్లిన బొమ్మలు మనం గేటు దాటగానే బీరువాలోకో బజారుకో వెళ్లిపోతాయి, మా బియ్యం బస్తా లాగా.

అన్ని ఆశ్రమాలూ ఇలాంటివేనని నేననను. దళారీలతో సంబంధం లేకుండా, పైసా తినకుండా నడిపేవాళ్లూ ఉన్నారు. అయితే అలాంటి చోట కూడా మూడు వారాల వాలంటీర్ ఎందుకు వద్దో చెప్పాలంటే నా ఒళ్లోకెక్కిన ఆ పిల్లాడి దగ్గరికి రావాలి.

మన ఇళ్లలో తొమ్మిది నెలల బిడ్డని కొత్తవాళ్లు ఎత్తుకోబోతే ఏం చేస్తుంది? తల్లి భుజంలో మొహం దాచుకుంటుంది, లేదా ఏడుపు లంకించుకుంటుంది. "కొత్త కదా" అని మనం నవ్వేస్తాం. నాలుగేళ్ల పిల్లాడైతే తలుపు చాటు నుంచి తొంగి చూస్తాడు, బిస్కెట్ చూపిస్తే అమ్మ మొహం చూస్తాడు, తీసుకోనా వద్దా అని. బిడ్డ బాగా పెరుగుతోందనడానికి అదే గుర్తు. తన మనిషెవరో, పరాయి మనిషెవరో దానికి తెలుసు. ముక్కూ మొహం తెలియని నా ఒళ్లోకి ఆ పిల్లాడు ఉరుక్కుంటూ వస్తే నేను ఎంతో మురిసిపోయాను, ఎంత ప్రేమో అనుకున్నాను. అది ప్రేమ కాదు. ఎవరొచ్చినా ఒకటే అయిపోయిన స్థితి.

రుమేనియాలో 1989లో చౌషెస్కూ ప్రభుత్వం కూలిపోయినప్పుడు లక్షకు పైగా పిల్లలు సర్కారు ఆశ్రమాల్లో బయటపడ్డారు. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో అలాంటి 136 మంది చిన్నపిల్లల మీద అధ్యయనం మొదలుపెట్టారు. లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లిన పిల్లల తెలివితేటలు, మాటలు, మాలిమి అన్నీ మెరుగయ్యాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లకి ఎనిమిదేళ్ల వయసులో తీసిన మెదడు పరీక్షలు దాదాపు మామూలు ఇంటి పిల్లల పరీక్షల్లాగే వచ్చాయి. ఆశ్రమాల్లో పెరిగిన పిల్లల్లో తరచుగా కనిపించిన లక్షణాల్లో ఒకటి, ఏ కొత్త మనిషితోనైనా తడుముకోకుండా వెళ్లిపోవడం.

నిజమే, రుమేనియా ఆశ్రమాలు నరకాలు. వాటినీ సియెమ్ రీప్‌లో నేను చూసినదాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ కావలసింది ఏమిటో ఆ అధ్యయనం చెప్పింది. తిండీ గుడ్డా ఒక్కటే సరిపోవు, రోజూ కనిపించే ఒకే మనిషి కావాలి. వాలంటీర్ల పద్ధతి సరిగ్గా దానికి అడ్డంగా వెళ్తుంది. రెండు వారాలకొకరు చొప్పున వస్తే ఏడాదికి 26 మంది. పదేళ్లలో 260 మంది. ప్రతి ఒక్కరూ మంచివాళ్లే. ప్రతి ఒక్కరూ ఎత్తుకుంటారు, ముద్దాడతారు, మళ్లీ వస్తానని మాటిస్తారు, ఏడుస్తూ వెళ్లిపోతారు. అమ్మ దగ్గర నుంచి ఒకసారి తెగిన బిడ్డకి 260 సార్లు తెగడం అలవాటు చేస్తున్నాం. పెద్ద పిల్ల వచ్చి వాడి వేళ్లు విడదీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

భద్రత సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో సొంత కొడుకు క్లాసుతో ఫీల్డ్ ట్రిప్‌కి తోడు వెళ్లాలన్నా తల్లిదండ్రులకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. మా చెల్లెలు కూడా ఫారం నింపింది, వారం ఆగింది. అదే సియెమ్ రీప్‌లో నేను ఎవరో, ఎక్కడి నుంచి వచ్చానో అడిగిన నాథుడు లేడు. బియ్యం బస్తా ఉంది, అది చాలు. పిల్లలు పడుకునే గది దాకా తిప్పి చూపించారు. పిల్లల మీద కన్నేసిన దుర్మార్గుడికి ఇంతకంటే తేలిక దారి ఎక్కడ దొరుకుతుంది? కెన్యాలో ఒక ఆశ్రమంలో వాలంటీర్‌గా ఉన్న అమెరికా కుర్రాడొకడు అక్కడి పిల్లల మీద లైంగిక దాడులు చేశాడని 2014లో బయటపడింది. 2016లో అమెరికా కోర్టు అతనికి 40 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అతనూ మంచి పేరుతో వెళ్లినవాడే.

ఇంగ్లీష్ చెప్పడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వచ్చిన ప్రతి వాలంటీరూ రంగుల పేర్లతోనే మొదలుపెడతాడు. రెండు వారాల తర్వాత ఇంకొకడొచ్చి మళ్లీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మన పిల్లల స్కూల్లో రెండు వారాలకో టీచర్ మారితే, ఆ టీచర్‌కి పదహారేళ్లైతే, మనం ప్రిన్సిపాల్ గది ముందు ధర్నాకి కూర్చోమూ?

ఈ సంగతులన్నీ తెలిశాక ప్రభుత్వాలూ కదిలాయి. కంబోడియా 2015లో ఆశ్రమాల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. దేశమంతా లెక్క తీస్తే 406 ఆశ్రమాలు, 16,579 మంది పిల్లలు తేలారు. వాళ్లలో 30 శాతం మందిని 2018 చివరికల్లా సొంత ఇళ్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం రాగానే దళారీలు మళ్లీ ఊళ్ల మీద పడతారని ప్రభుత్వం ముందే ఊహించింది. కొత్త ఆశ్రమాలకు అనుమతులు ఆపింది, పెద్దల తోడు లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదంది. ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని ఆధునిక బానిసత్వంగా ఆస్ట్రేలియా 2018లో గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానం కూడా ఈ రకం వాలంటీరింగ్ వల్ల పిల్లలకి జరిగే కీడు గురించి మాట్లాడింది. బ్రిటన్‌లోని రెస్పాన్సిబుల్ ట్రావెల్ అనే కంపెనీ 2013లోనే అనాథాశ్రమాల ట్రిప్పులు అమ్మడం మానేసింది. మా మేనల్లుడికి తెలియని చిన్న విషయం ఇంకొకటి. నేపాల్ టూరిస్ట్ వీసా మీద పని చేయకూడదు, జీతం లేని పనైనా సరే. వాడిది అమెరికన్ పాస్‌పోర్ట్. వాలంటీర్‌గా వెళ్తే వాడు అక్కడి చట్టం తప్పినట్టే.

సరే, మనం డబ్బు ఆపేస్తే అక్కడున్న పిల్లల గతేమిటి? ఈ ప్రశ్నని కొట్టిపారేయలేం. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు కెన్యా ప్రభుత్వం ఆశ్రమాల్లో పిల్లల్ని ఇళ్లకు పంపమంది. వేలమంది వెళ్లారు. అంటే వెళ్లడానికి ఇళ్లున్నాయన్నమాట. అయితే ముందస్తు ఏర్పాటు లేకుండా, ఏళ్ల తరబడి చూడని ఇంటికి బిడ్డని రాత్రికి రాత్రి పంపడం కూడా తప్పే. ఎందుకు పంపించారో ఆ కారణం, ఆ పేదరికం అలాగే ఉంది కదా. సరైన పద్ధతి నిదానంగా ఉంటుంది. కంబోడియాలోని బట్టంబాంగ్‌లో టారా వింక్లర్ అనే ఆస్ట్రేలియా యువతి 2007లో ఒక ఆశ్రమం పెట్టింది. పిల్లలకి కుటుంబాలున్నాయని తెలిశాక ఆశ్రమాన్ని కుటుంబాలకు సాయం చేసే సంస్థగా మార్చేసింది. పిల్లాణ్ణి ఇంటికి చేర్చడం, ఆ ఇంటికి బతుకుతెరువు చూపించడం, ఒక సోషల్ వర్కర్ నెలనెలా వెళ్లి చూడటం. ఒక బిడ్డని ఆశ్రమంలో ఉంచే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మన దేశంలో మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద కష్టాల్లో ఉన్న కుటుంబానికి బిడ్డని ఇంట్లోనే ఉంచుకోవడానికి నెలకి 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది. దాని వెనక ఉన్న ఆలోచనా ఇదే. అయితే అమ్మ దగ్గర అన్నం తింటున్న పిల్లతో సెల్ఫీ దిగడానికి విమానం ఎక్కి ఎవరూ రారు. ఈ పద్ధతికి విరాళాలు అందుకే కష్టంగా వస్తాయి.

ఎద్దు ఈనిందంటే దూడను గాట్లో కట్టేయమన్నట్టు ఉంటుంది మన దానం. ఈ పిల్లలు ఎక్కడివాళ్లని అడగం. అడగాలి. పిల్లల తల్లిదండ్రుల్ని వెతికే పని ఎవరు చేస్తున్నారు, నిరుడు ఎంతమందిని ఇంటికి పంపారు, పిల్లల దగ్గర ఎప్పుడూ ఉండే ఆయాలు ఎందరు, నా పోలీస్ వెరిఫికేషన్ కాగితం ఎప్పుడు ఇవ్వాలి. నిజాయితీ ఉన్న చోట ఈ ప్రశ్నలకి విసుక్కోరు. అసలు వాళ్లు మీకు ఎలాంటి పని ఇస్తారో చూసినా తెలిసిపోతుంది. పిల్లల దగ్గరికి వెళ్లనివ్వరు. అక్కడి టీచర్లకి శిక్షణ ఇవ్వగలరా, లెక్కలు చూడగలరా, కుటుంబాల వివరాలు భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్ చేసిపెట్టగలరా అని అడుగుతారు. ఆఖరి పనికి హైదరాబాద్ నుంచి కదలక్కర్లేదు కూడా. స్పీచ్ థెరపిస్టో, నర్సో అయితే, ఆరు నెలలు ఉండగలిగితే, అక్కడి సిబ్బందికి నేర్పడానికి వెళ్లండి.

ఏమీ రాదు, నాలుగు రోజులే ఉంటాం అంటారా, టూరిస్టులాగే ఉండండి, అది చిన్నతనం కాదు. సియెమ్ రీప్‌లో ఫార్ సర్కస్ చూడండి. శరణార్థి శిబిరం నుంచి తిరిగొచ్చిన కొందరు కుర్రాళ్లు 1994లో బట్టంబాంగ్‌లో మొదలుపెట్టిన బడి నుంచి వచ్చిన కళాకారులు వాళ్లు. జాలితో చూడాల్సిన అవసరం లేదు, ఒళ్లు గగుర్పొడుస్తుంది. వీధి నుంచి వచ్చిన కుర్రాళ్లకి వంట, సర్వింగ్ నేర్పించే రెస్టారెంట్లు రాజధాని ఫ్నామ్ పెన్‌లో ఉన్నాయి, అక్కడ భోంచేయండి. కొడుకు జీతంతో ఒక ఇల్లు నిలబడితే ఆ ఇంటి చిన్నపిల్లని దళారీ తీసుకెళ్లలేడు.

ఇదంతా ఎక్కడో కంబోడియా, నేపాల్ సంగతి అనుకునేలోపు నా గొంతులోనే ఒక వెలక్కాయ పడింది. మా అమ్మాయి ఐదో పుట్టినరోజు మేం హైదరాబాద్‌లో ఒక ఆశ్రమంలో చేశాం. చాలామందిమి చేస్తాం. కేకు, బిర్యానీ ప్యాకెట్లు, పిల్లలు వరసలో నిలబడి ఎవరో తెలియని పాపకి పుట్టినరోజు పాట పాడటం, గ్రూప్ ఫొటో, సాయంత్రానికి ఫేస్‌బుక్. ఆ వారంలో వాళ్లు ఎన్ని పుట్టినరోజుల పాటలు పాడి ఉంటారో నేను ఆలోచించలేదు. వాళ్ల పుట్టినరోజులు ఎప్పుడో కూడా అడగలేదు. మన జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటోలు, వివరాలు బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. ఆ ఫొటోలు ఈమధ్యే తీసేశాను. అన్నదానం మానేయమని కాదు, ప్యాకెట్లు గేటు దగ్గర ఇచ్చి రావచ్చు కదా.

మా మేనల్లుడికి ఇవన్నీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపాను. రెండు రోజులు బ్లూ టిక్కులే తప్ప జవాబు లేదు. వాళ్లమ్మ మాత్రం ఫోన్ చేసి, "వాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడన్నయ్యా, మరీ అంత కటువుగా చెప్పావేంటి" అంది. మూడో రోజు వాడే ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. తను వెళ్లబోయే సంస్థకి ఈమెయిల్ రాశాడట, ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడుంటారు, నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఎవరికి పంపాలి అని. జవాబు ఆ రాత్రికే వచ్చింది. డిపాజిట్ కట్టడానికి లింకు పెట్టారు, టీషర్ట్ సైజు ఎంతో చెప్పమన్నారు.